గుడ్డు ఆకారంలో నాన్న

మూడయింది. నాలుగింటికి చెల్లెలు వస్తానంది. అది నాలుగంటే నాలుగే, చిన్నప్పుడు పిలవకపోయినా వెంటపడేది, ఈ నాలుగేళ్ళుగా పిలిచినా రావడం లేదు, కానీ వస్తానన్నదంటే మాత్రం వేళ తప్పదు, కాబట్టి ఈ గంటలోపల చెల్లెల్ని నాన్న పక్కన నిలబెట్టాలి. ఒకప్పుడు అక్కడే ఉండేది. నాన్న నవ్విన ఆ ఫోటోలోంచి దాన్ని తీసేసింది అక్కైన ఈమే. తీసేసి ఊరుకోకుండా, మిగిలిన ముక్కని అసలు ఫోటో మీదే సేవ్ చేసి మూసేసింది. ఒకసారి మూశాక ఇక వెనక్కి వెళ్ళే దారుండదు, ఈ పనిలో మొదటిరోజు నేర్పేది అదే, ముందు ఇంకో కాపీ చేసుకో తల్లీ, తర్వాత నీ ఇష్టం వచ్చినట్టు కొయ్యి అని. కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఆ మాట చెప్పేదీ ఈమే. ఆ ఫోటో ఇక లేదన్న సంగతి చెల్లెలికి తెలియదు. తెలియదు కనకనే మొన్న ఫోన్ చేసి, అక్కా, నాన్న నవ్వుతుంటాడే, నేను పక్కనుంటానే, ఆ ఫోటో ఒకటి తీసిపెట్టవా, నాన్నతో నాది ఒక్కటంటే ఒక్కటి లేదు, అని అడిగింది. ఈమె, ఉందిలే, తీసి పెడతాను, అన్నది. ఎందుకన్నదో తనకే తెలియదు, నోరు అలా అనేసింది.

స్టూడియోలో ఈ వేళప్పుడు ఎవరూ రారు. కిటికీకి వేసిన ఎర్ర తెరలోంచి ఎండ మెత్తగా దిగి గచ్చు మీద పడుకుంటుంది, దానికి రెండడుగుల దూరంలో, నీలం తెర ముందున్న బెంచీ మీద, స్టూడియో యజమాని పడుకుంటాడు. ఆయన్ని అందరూ ఫ్లాష్ బాబాయ్ అంటారు, ఎంత కళ్ళు తెరుచుకున్న మనిషినైనా సరిగ్గా రెప్ప వాల్చే క్షణంలో పట్టుకోవడంలో ఆయన చెయ్యి తిరిగినవాడు. ఆయన తీస్తాడు, ఈమె ఆ కళ్ళు తెరిపిస్తుంది, వేరే ఫోటోలోంచి తెచ్చి అతికిస్తుంది, తర్వాత వాళ్ళడిగిన ఆకారంలోకి కోస్తుంది. పద్దెనిమిదేళ్ళుగా ఇదే. కత్తెరమ్మ అన్న పేరు అలా వచ్చింది, చేతిలో కత్తెర పట్టింది ఎప్పుడూ లేదు, ఉన్నదంతా మౌసే. కంప్యూటర్ తెర మీద ఎడమ పక్కన ఆకారాలన్నీ వరసగా నిలబడి ఉంటాయి, హృదయం, నక్షత్రం, ఆకు, మేఘం, సీతాకోకచిలుక, ఎనిమిది రేకుల పువ్వు, గుడ్డు. ఒక్కోదానికి ఒక్కో బుద్ధి. నక్షత్రంలో ఎవర్ని పెట్టినా చెవులు పోతాయి. హృదయంలో ఇద్దరు హాయిగా ఇముడుతారు, మూడోవాళ్ళు వస్తే కాళ్ళు ఉండవు. సీతాకోకచిలుకలో మనిషి సరిగ్గా మధ్యకి రాకపోతే రెక్కకో కన్ను వెళ్ళిపోతుంది. రిటైరైన బస్సు డ్రైవరొకాయన ముప్ఫై ఏళ్ళు నడిపిన బస్సుని హృదయంలో పెట్టించుకున్నాడు, మరి మీకు ఏ ఆకారం కావాలమ్మా అని పక్కనున్న ఆయన భార్యని అడిగితే, నాకు ఆకారం ఎందుకమ్మాయ్, ఆ డిక్కీలో ఖాళీ ఉందేమో చూసి పడెయ్యి, అన్నది. ఆసుపత్రి నర్సులు వాళ్ళ పెద్ద నర్సుని పువ్వు మధ్యలో పెట్టించి చుట్టూ రేకుల్లో తాము కూర్చున్నారు, ఆవిడ వచ్చి చూసుకుని, నేనేమన్నా పుప్పొడినా, అని అలిగి వెళ్ళింది. వాళ్ళందరి మొహాలూ ఈ మధ్యాహ్నం వేళ ఒకదాని మీద ఒకటి తేలి వస్తుంటాయి, కోసిన అంచులు మెత్తబడి, ఎవరి రేకులో ఎవరున్నారో తెలియకుండా, ఆ నర్సుల మధ్య బస్సు, ఆ బస్సు కిటికీలో తను, తన వెనక పరిగెత్తుతూ చెల్లెలు. మూడూ పది. ఆమె కళ్ళు నులుముకుని మౌసు పట్టుకుంది.

తెర మీద నాన్న నవ్వుతున్నాడు, గుడ్డు ఆకారంలో. నాన్న పోయినరోజు వచ్చినవాళ్ళు చూడ్డానికి బల్ల మీద ఒక ఫోటో ఉండాలి కదా, దానికోసం కోసిందిది. ఆయన నవ్విన ఫోటో ఇదొక్కటే. కెమెరా కనబడితే చాలు తను రాసిన బోర్డులాగే బిగుసుకుపోయేవాడు మనిషి. బోర్డులు రాయడమే ఆయన పని, దుకాణాల పేర్లు, ఇక్కడ బండ్లు ఆపరాదు, కుక్క ఉన్నది జాగ్రత్త. ఒకే మాట పదిచోట్ల రాయాలంటే పాత ఎక్స్‌రే ఫిల్ముల మీద అక్షరాలు కోసి, వాటిమీద రంగు అద్దేవాడు. ఎవరి పక్కటెముకల మీదో గుండ్రటి అక్షరాలు కోస్తుంటే, అక్కచెల్లెళ్ళిద్దరూ చెరోవైపు బోర్లా పడుకుని చూసేవాళ్ళు. గుండ్రటి అక్షరం కొయ్యడం కష్టం, చుట్టూ కోసేస్తే మధ్యలో ముక్క ఊడి పడిపోతుంది, అది పడిపోకుండా సన్నటి వంతెన ఒకటి వదలాలి, నాన్న నాలుక కొద్దిగా బయటపెట్టి ఆ వంతెన దగ్గర ఊపిరి బిగపట్టేవాడు. పెద్దది కూడా ఊపిరి బిగపట్టేది. చిన్నది మాత్రం మాట్లాడుతూనే ఉండేది. బళ్ళో ఎవరు ఎవర్ని గిచ్చారు, పక్కింటి పిల్లి ఎక్కడ ఈనింది, చంద్రుడికి కడుపునొప్పి వస్తుందా. నాన్న దాన్ని రేడియో అనేవాడు, ఒసే రేడియో, కాస్త ఆపవే, చెయ్యి కదుల్తోంది, అని విసుక్కుంటూనే నవ్వేవాడు. ఆ నవ్వు కోసం పెద్దది బ్రష్షులు కడిగింది, రంగు డబ్బాల మూతలు బిగించింది, నిచ్చెన పట్టుకుంది, పదో తరగతి కాగానే గీతలు తిన్నగా గియ్యడం నేర్చుకుంది. తిన్నగానే గీశావు, అనేవాడు నాన్న. ఆ మాటకి రెండు రోజులు అన్నం సహించేది కాదు సంతోషంతో, కానీ అది నవ్వు కాదు. నవ్వంతా రేడియోదే. దీని మీద ఎవరితోనైనా గొడవ పడదామన్నా పడలేని సంగతి, నలభై రెండేళ్ళొచ్చి మా నాన్న మా చెల్లికే ఎక్కువ నవ్వేవాడని ఎవరికి చెప్పుకుంటాం, విన్నవాళ్ళు నవ్వుతారు.

చెల్లెల్ని మరిదిగారు పంపిన ఫోటోలోంచి తెచ్చింది. ఏదో సభలో వేదిక మీద నిలబడి ఎవరి చేతిలోంచో కాగితం అందుకుంటోంది, ఆకుపచ్చ బట్టలు, జుట్టు వెనక్కి కట్టుకుంది. చుట్టూ చిన్న చిన్న చుక్కలు పెట్టుకుంటూ, భుజం మీదుగా, మెడ ఒంపు మీదుగా, చెవి పక్కన ఎగిరిన నాలుగు వెంట్రుకల మీదుగా, తొందరపడకుండా కోసింది. కోసి బయటికి తీశాక వెనకాల ఏమీ ఉండదు. ఏమీ లేదని చెప్పడానికి ఈ సాఫ్ట్‌వేర్ బూడిద రంగూ తెలుపూ చదరంగం గళ్ళు చూపిస్తుంది. ఆ గళ్ళ మీద చెల్లెలు ఒంటరిగా నిలబడి, ఎవరూ లేని వైపు చెయ్యి చాపి ఉంది. ఆమె ఆ చెయ్యి వైపు కాసేపు అలాగే చూసింది. వేదిక మీద వెలుగు కుడివైపు నుంచి పడింది, నాన్న మీద ఎండ ఎడమవైపు నుంచి, అందుకని చెల్లెల్ని అద్దంలో చూసినట్టు తిప్పింది. తిప్పగానే అది చెల్లెలు కాదు. ఎవరో చెల్లెలి పోలికలున్న ఆవిడ. ఏమిటా అని చూస్తే, పుట్టుమచ్చ బుగ్గ మారింది. పాపిడి కూడా మారింది. మచ్చని చెరిపి అసలు బుగ్గ మీద పెట్టింది, పాపిడి సరిచేసింది, రంగులు కాస్త మధ్యాహ్నప్పూట ఎండలోకి తెచ్చింది, గుడ్డు అంచులు చెరిపేసి వెనక మామూలు గోడొకటి కల్పించింది, చాపిన చెయ్యి నాన్న వీపు వెనక్కి పోయేలా, ఆయన భుజం పక్కన చెల్లెల్ని మెల్లగా జరుపుతూ తెచ్చి ఆనించింది. బాగా చేసింది, ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది, ఫ్లాష్ బాబాయ్ లేచి చూసినా కనిపెట్టలేడు. మూడూ ముప్ఫై అయిదు.

అసలు ఫోటో తీసిన రోజు ఎండ ఇలాగే ఉంది. నాన్న రాసిన ఆఖరి బోర్డు ఆరోజే పూర్తయింది, ఈ స్టూడియో బోర్డే, గుమ్మం పక్కన గోడకి చేరేసి ఉంది. చెల్లెలు ఊర్నించి వచ్చింది, వస్తూనే నాన్న మెడ చుట్టూ చెయ్యి వేసింది, ఆయన చెవిలో ఏదో గుసగుస, ఆయన పకపకా నవ్వు. కళ్ళు కెమెరా వైపే ఉన్నా చెవి మాత్రం దాని మాటల మీదే ఉండి ఉంటుందని ఈమె అనుకుంది, అనుకుంటూనే, స్టాండు మీద పెట్టిన కెమెరా పైనుంచి చూస్తూ మీట నొక్కింది. అన్నీ సరిగ్గా చూసుకుని నొక్కింది, వెలుగు, దూరం, వెనక గోడ మీద నీడ, తిన్నగా తీశావు అని ఎవరైనా అంటారేమో అన్నట్టు. కెమెరాలోని కార్డు మర్నాడు వేరే పనికి కావాల్సి వస్తే తుడిచేసింది, ఎప్పుడూ చేసేదే, ఫోటో కంప్యూటర్లో ఉందిగా. ఏడు నెలలకి నాన్న స్నానాల గదిలో పడ్డాడు. పడ్డప్పుడు ఈమె ఇక్కడే, ఈ కుర్చీలోనే ఉంది, ఎవరివో పెళ్ళి ఫోటోలు మేఘాల్లోకి కోస్తోంది. చెల్లెలు మొదటి బస్సుకి వచ్చింది, గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా, పక్కనే ఉండి ఏం చూస్తున్నావక్కా, ఫోటోలేనా, అన్నది. అంతే అన్నది. ఏడుస్తూ అన్నది, తర్వాత ఆ మాట దానికి గుర్తుందో లేదో కూడా తెలియదు. గంట తర్వాత ఎవరో వచ్చి, అమ్మా, ఆయన ఫోటో ఒకటి ఉండాలి, అన్నారు. ఈమె స్టూడియో తాళం తీసుకుని వచ్చింది. గుడ్డు ఆకారం ఎంచుకుంది. గుడ్డు మంచిది, దానికి మూలలుండవు, పక్కన నిలబడ్డవాళ్ళకి చోటుండదు.

హడావుడిలో జరిగిందని నాలుగేళ్ళుగా చెప్పుకుంటోంది, ఎవరికీ కాదు, తనకే. పాపం ఆ రోజు కళ్ళు కనబడుతున్నాయా, చెయ్యి ఆడుతోందా, అలవాటు కొద్దీ సేవ్ మీద పడింది వేలు. ఎవరైనా నమ్ముతారు. ఇప్పుడు చెల్లెల్ని ఆనిస్తూ నాన్న చొక్కాని పెద్దది చేసి చూస్తే, మెడ పక్కన, ఎడమ భుజం మీద, గళ్ళ చొక్కాలో గళ్ళు ఒకచోట కలవడం లేదు. ఒక నీలం గీత వచ్చి ఆగిపోయి అర గింజంత పక్కనించి మళ్ళీ మొదలవుతోంది. ఎందుకలా ఉందో ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అక్కడ వేళ్ళుండేవి. చెల్లెలి వేళ్ళు, నాలుగు. గుడ్డు ఆకారంలోకి కోసినా భుజం మీద ఆ నాలుగు వేళ్ళూ మిగిలిపోయాయి. వాటిని ఒక్కొక్కటిగా తుడిచింది ఈమె, పక్కనున్న గళ్ళు తెచ్చి ఒక్కో వేలి మీద పరిచింది, కనీసం పావుగంట పట్టి ఉంటుంది. బయట మనుషులు ఫోటో కోసం ఎదురుచూస్తున్నారు, నాన్న ఇంట్లో ఉన్నాడు, ఆ పావుగంట ఈమె ఇక్కడ కూర్చుని చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు అని వరసగా తుడుచుకుంటూ పోయింది. హడావుడిలో ఉన్న మనిషి చేసే పని కాదది. తుడిచాక సేవ్ నొక్కింది. చెయ్యి ఆడక కాదు, బాగా ఆడింది.

ఇంకో సంగతి కూడా తెలిసింది, అది మరీ ఘోరం. ఆ ఫోటోలో చెల్లెలు ఎటు చూస్తోందో తనకి గుర్తు లేదు. నాన్ననా, కెమెరానా, ఇంకెటైనానా. మీట నొక్కింది తనే, పద్దెనిమిదేళ్ళుగా మనుషుల మొహాలు చూడ్డమే పని, అయినా ఆ చోట ఏమీ లేదు, నాన్న నవ్వు ఉంది, దాని పక్కన ఒక వెచ్చటి మసక ఉంది. కోసింది ఫోటోని మాత్రమే అనుకుంది ఇన్నాళ్ళూ. కళ్ళు మూసుకుని ఆ మొహాన్ని తెచ్చుకోబోతే వేదిక మీది మొహమే వస్తోంది, తిప్పి, మచ్చ మార్చిన మొహం. ప్రింటర్ మెల్లగా కాగితాన్ని బయటికి తోసింది. గుమ్మం దగ్గర గొడుగు ముడిచిన చప్పుడైంది, నాలుగు.

"అక్కా."

సన్నబడింది. చెవుల దగ్గర తెల్ల వెంట్రుకలు, ఫోటోల్లో అవి కనబడవు, మరిదిగారు దూరం నుంచి తీస్తాడు. బెంచీ వైపు చూసి, "ఈయనింకా లేవలేదా? నాలుగేళ్ళ కిందట వచ్చినప్పుడూ ఇలాగే ఉన్నాడు," అంది. రేడియో రేడియోనే. ఇద్దరూ నవ్వబోయి మధ్యలో ఆగారు.

"కూర్చో. టీ తెప్పించనా?"

"ముందు నాన్నని చూపించు."

ఇచ్చింది. చెల్లెలు కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎర్ర తెర కొద్దిగా పక్కకి జరిపింది. చాలాసేపు మాట్లాడలేదు, అది మాట్లాడకపోవడం ఎప్పుడూ చూడలేదు ఈమె. తర్వాత తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "ఎంత బావుందో," అంది. "నవ్వు చూడు, పన్ను ఊడినచోటు కూడా కనిపిస్తోంది. ఆకుపచ్చ బట్టలేసుకున్నానా ఆరోజు? పసుపు పచ్చవనుకున్నానే ఇన్నాళ్ళూ. ఆకుపచ్చే అన్నమాట. అవును, ఆకుపచ్చే, ఇప్పుడు గుర్తొస్తోంది."

గుర్తొస్తోందట. ఈమె చూస్తుండగానే, ఆ ఎర్రటి వెలుగులో, చెల్లెలి తలలోంచి పసుపు పచ్చ రంగు పోయి ఆకుపచ్చ వచ్చేస్తోంది, ఇంకో నిమిషం ఊరుకుంటే జుట్టు కూడా వెనక్కి కట్టుకుంటుంది, ఆ రోజు మొత్తం పోయి ఈ కాగితం మిగులుతుంది. ఊరుకుంటే ఏ గొడవా ఉండదు. సంతోషంగా వెళ్తుంది. పండక్కో పబ్బానికో ఫోన్ చేస్తుంది, మళ్ళీ వస్తుంది కూడానేమో. గొంతు దాకా వచ్చింది మంచి బట్టలే అవి అనే మాట.

"పసుపు పచ్చవే," అంది ఆమె. "నీకు గుర్తున్నదే నిజం. ఇది ఆ ఫోటో కాదు."

"కాదంటే?"

"నిన్ను వేరేచోటి నుంచి తెచ్చి పెట్టాను. ఇప్పుడే, ఈ గంటలో. అసలుది లేదే. నాన్న పోయినరోజు గుడ్డు ఆకారంలో కోశాను కదా, అప్పుడు నిన్ను తీసేసి దానిమీదే సేవ్ చేశాను. ఇంకెక్కడా లేదు."

చెల్లెలు కాగితం వైపు చూసింది, ఈమె వైపు చూసింది. "పొరపాటునా?"

ఇంత చిన్న మాట. అవునంటే అయిపోతుంది.

"కాదు. నీ వేళ్ళు నాన్న భుజం మీద మిగిలితే వాటిని కూడా తుడిచాను."

చెల్లెలు వచ్చి కుర్చీలో కూర్చుంది, కాగితాన్ని బల్ల మీద బోర్లా పెట్టింది. "నేనా మాటన్నందుకా," అంది. గుర్తుందన్నమాట.

"ఆ మాటకి కాదు. అంటే, ఆ మాటకీ." ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి చెప్పేటప్పుడు ఎంత చిన్నపిల్లలా వినిపిస్తుందో తెలుస్తూనే ఉంది, అయినా ఆపలేదు. "నువ్వుంటేనే నవ్వేవాడు నాన్న. నేను ఇంతకాలం పక్కనే ఉన్నాను, అన్నీ చేశాను, నన్ను చూసి ఒక్కసారి అలా నవ్వలేదు. ఆ ఒక్కరోజన్నా ఆ నవ్వు నాక్కావాలనిపించింది, నువ్వు లేకుండా."

చెల్లెలు కంప్యూటర్ తెర వైపు చూసింది. తెర మీద పాత గుడ్డు ఇంకా తెరిచే ఉంది.

"నేనేం నవ్వించలేదక్కా ఆరోజు," అంది నెమ్మదిగా. "నీకు నిజంగా తెలీదా? నువ్వు ఆ బోర్డు ఆరకముందే పట్టుకుని పక్కకి జరిపావు. చేతికైన రంగు తుడుచుకున్నావు కానీ ఆ చేత్తో ముందే ముక్కు గీరుకున్నావు. ముక్కంతా నీలం. నేను చెప్పబోతుంటే నాన్న నా చెయ్యి నొక్కి, ఉండవే రేడియో, చెప్పకు, ఎంత శ్రద్ధగా తీస్తోందో చూడు నా పిచ్చితల్లి, ఇంకాసేపు చూడనీ, అన్నాడు. అని నవ్వాడు. తర్వాత దుమ్మంటుకుందని చెప్పి నేనే రుమాలుతో తుడిచాను."

ఆ రోజు బోర్డు చేరేసి ఉన్న గుమ్మం వైపు చూసింది ఆమె.

"నిన్ను చూసే నవ్వాడు. ఆ నవ్వు నీదే. నేను పక్కన నిలబడ్డాను, అంతే," అంది చెల్లెలు, గొంతు ఒక్కసారిగా పగిలి. "ఆ నిలబడ్డదే నాక్కావలసింది. అది ఇక ఇవ్వలేవు కదా?"

ఇవ్వలేనని ఆమె తల ఊపింది. చెల్లెలు గొడుగు తీసుకుని లేస్తుందనుకుంది, లేవలేదు. మొహం తుడుచుకుని, కుర్చీని ఆమె పక్కకి జరుపుకుని, నాన్న వైపు చూస్తూ కూర్చుంది. ఆమె కూడా చూసింది. నాలుగేళ్ళుగా చూస్తున్న మొహమే, ఎప్పుడూ కెమెరాలోకి చూస్తున్నాడనుకున్న కళ్ళే, కానీ అవి కెమెరాలోకి కాదు, దానికి కాస్త పైన, ఒక వేలెడు పైన ఎక్కడో చూస్తున్నాయి. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే పైకి వెళ్ళి ముక్కు తుడుచుకుంది.